వంకాయన మొదటి చెంచా

వంకాయన వంక పెట్టని వస్తువు ఈ భూమ్మీద లేదు. భూమికి కూడా మినహాయింపు ఇవ్వలేదు. గుండ్రంగా ఉందని పుస్తకాల్లో రాశారు గానీ మా సందు మొదట్లో మాత్రం పల్లంగా ఉంది, వానొస్తే నీళ్లు నిలుస్తున్నాయి అని మునిసిపాలిటీ వాళ్లతో వాదించి వచ్చిన మనిషి. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లని లోకం చాలామందిని చూసింది. ఈయన గుడ్డు దాకా ఆగేవాడు కాదు, కోడి నడకలోనే ఏదో తేడా ఉందనేవాడు.

వంక పెట్టే ఆయన కనక వంకాయన. ఆ పేరు పెట్టింది హోటల్ కోడలు. ఒకరోజు బల్లలు తుడుస్తూ, వంకాయన వచ్చే వేళయింది అని వంటింట్లోకి కేకేసింది. ఆయన అప్పటికే వచ్చి ఆమె వెనకాలే నిలబడి ఉన్నాడు. కోడలి చేతిలోంచి గుడ్డ జారిపోయింది. ఆయన కోప్పడలేదు. కాసేపు ఆలోచించి, "పేరులో చిన్న లోపముంది అమ్మాయ్" అన్నాడు. "చివర గారు లేదు. సగం మంది కూరగాయ అనుకుంటారు."

అప్పట్నుంచి ఎదురుగా వంకాయనగారు, వెనకాల ఉత్త వంకాయన.

నగరం నడిబొడ్డున ఒక బ్యాంకుకీ ఒక చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ హోటల్. గాజు తలుపు, పది బల్లలు, వెనక గోడలో ఒక కిటికీ. కిటికీ అవతల వంటిల్లు. అక్కడ కొత్త వంటకాలేవీ దొరకవు. జ్వరం తగ్గిన మర్నాడు, పై అధికారితో మాట పడ్డ మధ్యాహ్నం, ఇల్లు మారిన రోజు మనిషికి ఏది తినాలనిపిస్తుందో అవే దొరుకుతాయి. బఠాణీ సూపు, వెన్న వేసి మెదిపిన బంగాళాదుంప, మెత్తగా ఉడికిన కోడిమాంసం, అప్పుడే కాలిన రొట్టె, పాల పుడ్డింగు. పళ్లు లేనివాళ్లూ తినగలరు, మనసు బాగోలేనివాళ్లూ తినగలరు.

వండేది అత్తయ్య. వడ్డించేది, గల్లాపెట్టె చూసేది కోడలు. కోడలు పొద్దస్తమానం ఆ కిటికీలో తల పెట్టి "అత్తయ్యా, రెండు సూపులు", "అత్తయ్యా, ఒక పుడ్డింగు" అంటూంటే, విని విని తినడానికొచ్చేవాళ్లకీ అదే అలవాటైపోయింది. బ్యాంకు గుమస్తాకి ఆవిడ అత్తయ్యే, పూల దుకాణం ఆమెకీ అత్తయ్యే. ఆవిడకన్నా వయసులో పెద్దవాడైన వంకాయన కూడా అత్తయ్యగారూ అనే పిలిచేవాడు. ఆవిడ ఊరందరికీ అత్తయ్య అయిపోయాక, ఈమె ఊరందరికీ కోడలు కాక తప్పలేదు. ఒకరికి కొడుకూ ఒకరికి మొగుడూ అయిన మనిషి రైలు గార్డు. పచ్చజెండా ఊపుకుంటూ వెళ్లాడంటే మళ్లీ ఎప్పుడు దిగుతాడో రైల్వే వాళ్లకే తెలియాలి.

ఉద్యోగం చేసినన్నాళ్లూ వంకాయన పని లిఫ్టులు తనిఖీ చేయడం. నగరంలో మేడలన్నీ ఎక్కి దిగాడు. ఫలానా లిఫ్టులో దోషమేమీ లేదని రాస్తే, అసలు వెళ్లి చూశాడా అని ఆఫీసులో అనుమానించేవాళ్లట. ఆ భయంతో మొదలైన వంకలు రిటైరయ్యాక ఆగుతాయేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆగలేదు. లిఫ్టులు లేకపోయేసరికి కనిపించిన ప్రతిదాని మీదికీ మళ్లాయి. హోటల్లో కుర్చీ లాక్కుని కూర్చునే ముందు, అది తనని ఏడో అంతస్తుకి తీసుకెళ్తుందేమో అన్నట్టు గట్టిగా అదిమి చూసేవాడు. బల్లని రెండు వేళ్లతో ఊపేవాడు. అది ఊగిందా, ఆయన ముఖం వెలిగిపోయేది. జేబులోంచి మడిచిన అట్టముక్క తీసి, మోకాళ్ల మీద కూర్చుని, బల్లకాలి కింద దోపి, నడుం పట్టుకుని లేచేవాడు. ఆ పది బల్లలూ ఇవాళ్టికీ కదలకుండా నిలబడ్డాయంటే ఆ అట్టముక్కల చలవే. కానీ అట్టముక్కలు ఎవరికి గుర్తుంటాయి? వంకలే గుర్తుంటాయి.

గాజు తలుపు అద్దంలా తుడిస్తే, "మరీ ఇంత శుభ్రమా? తలుపు లేదనుకుని ఎవరో ముక్కు పగలగొట్టుకుంటారు" అన్నాడు. మర్నాడు కోడలు పంతం కొద్దీ తుడవకుండా వదిలేస్తే, పొగమంచు ఇంత పొద్దెక్కినా విడలేదేమిటని అడిగాడు. గోడ గడియారం నిమిషం తేడా లేకుండా నడుస్తోందని తన వాచీతో సరిచూసుకుని, సరిగ్గా నడిచే గడియారం హోటల్లో ఉండకూడదు, తినేవాడికి కంగారు పుడుతుంది అన్నాడు.

ఒకరోజు కోడలు హడావిడిలో బోర్డు మీద సుద్దముక్కతో వేడి వేడి సూపు అని రాయబోయి, వాడి వాడి సూపు అని రాసింది. బ్యాంకు వాళ్లంతా రోజూ దాని పక్కనుంచే నడిచి వస్తారు, ఒక్కరూ చూడలేదు. వంకాయన చేతులు కట్టుకుని బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత లోపలికొచ్చి, "ఎవరు వాడారమ్మాయ్? ఎన్నిసార్లు వాడారు?" అని మెల్లిగా అడిగాడు. బ్యాంకు గుమస్తా నోట్లో రొట్టె గొంతుకడ్డం పడేలా నవ్వాడు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

ఇన్నింటికి వంక పెట్టినవాడు ఒక్కదాని జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. అది అత్తయ్య వంట. తింటున్నంతసేపూ ఆయన పలికేవాడు కాదు. చెంచా చప్పుడు తప్ప ఆ బల్ల దగ్గర ఇంకో చప్పుడుండేది కాదు. అంతా అయ్యాక ఖాళీ ప్లేటుని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, అంచు దగ్గర సన్నగా పగిలింది చూసుకో అని కోడలి చేతికిచ్చేవాడు. కిటికీలోంచి ఇదంతా చూస్తూ అత్తయ్య చేతులు తుడుచుకుని, ఆయన నోరు మూయించాలంటే నా గరిటె ఒక్కటే మందు అనేది. ఎన్ని సర్టిఫికెట్లిస్తే ఆ సంతోషం వస్తుంది?

ఆ ఏడు చలి మొదలవుతూనే అత్తయ్యకి జ్వరం వచ్చింది. మనిషిని మంచానికి అతికించేసిన జ్వరం. హోటల్ మూశారు. గార్డు సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చాడు. జ్వరం దిగిన రోజున అత్తయ్య మంచం దిగి తిన్నగా వంటింట్లోకి నడవబోతే, కొడుకు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఇంక చాలు, వంటకి మనిషిని పెడదాం, నువ్వు కుర్చీ వేసుక్కూర్చుని చూస్తూండు అన్నాడు. ఆవిడ గరిటె తీసి చూపించింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ప్రస్తుతానికి అత్తయ్యే వండుతుంది. ఈసారి సెలవుకొచ్చినప్పుడు కొడుకు స్వయంగా గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూస్తాడు. వంట గురించి ఎవరి నోటినుంచైనా ఒక్క మాట వచ్చిందా, అమ్మ కుర్చీలోకి, కొత్త వంటమనిషి వంటింట్లోకి.

"నేను గార్డుని అమ్మా. ఎర్రజెండా ఎత్తానంటే బండి ఆగాల్సిందే" అని చెప్పి రైలెక్కాడు.

హోటల్ మళ్లీ తెరిచిన రోజు మధ్యాహ్నం వంకాయన ఎప్పట్లాగే తీరిగ్గా వచ్చాడు. తెరిచిన సంగతి ఇంకా ఎవరికీ తెలీక, ఆ వేళకి ఇంకెవరూ లేరు. కుర్చీ అదిమాడు, బల్ల ఊపాడు, సూపు తెప్పించుకున్నాడు. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టేశాడు.

"ఉప్పెక్కువైంది అత్తయ్యగారూ."

కోడలు చెవులు తనవేనా అని చూసుకుంది. అత్తయ్య గరిటెతో సహా బయటికొచ్చి, ఆయన కప్పులోంచే ఒక చెంచాడు తీసుకుని తాగింది. ఎక్కడెక్కువ, చూపించండి అంది. ఆయన ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తనిఖీకి వెళ్లినప్పుడు లిఫ్టు తీగని చూసే చూపు. తరవాత కళ్లు దించుకుని, అంతటా ఎక్కువే అన్నాడు. ఆవిడ విసురుగా లోపలికెళ్లిపోయింది. కాసేపటికి ఇంకో కప్పు వచ్చింది. అది తాగి, ఇందాకటికన్నా నయం అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన వేళ మారింది. మధ్యాహ్నం వచ్చే మనిషి పొద్దున్నే తయారై, కోడలు తలుపు తాళం తీయకముందే మెట్టు మీద నిలబడేవాడు. అన్నింట్లోంచీ కొంచెం కొంచెం తెప్పించుకుని, మొదటి చెంచా తనే తినేవాడు. తిని, కిటికీ వైపు తిరిగి గొంతెత్తేవాడు. సూపులో ఉప్పు ఇవాళ ఊరెళ్లిందా? ఈ మిరియాలు ఎవరి మీద కోపంతో చల్లారు? పుడ్డింగులో చక్కెర వేశారా, వేద్దామనుకుని మరిచిపోయారా?

అవతల గరిటె గిన్నెకేసి కొట్టిన చప్పుడు. "నచ్చకపోతే మానెయ్యమను."

తరవాత మూతల చప్పుడు, పొయ్యి చప్పుడు, రెండో కప్పు. ఇందాకటికన్నా నయం. అప్పటికి బ్యాంకు వాళ్లొచ్చేవాళ్లు.

కోడలికి ఒళ్లు మండిపోయేది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఈయనకి దేని మీద కోపమో సూపు మీద చూపిస్తున్నాడు. పైగా ఆ వంటలో లోపమేమిటో ఆమెకి ఎంతకీ అర్థమయ్యేది కాదు. అందరూ తిని వెళ్లాక, గిన్నెల్లో అడుగున మిగిలినది ఆమె తినేది. అప్పుడు అన్నీ అమృతంలా ఉండేవి. జ్వరంపడి లేచిన మనిషిని పట్టుకుని ఇలా రోజూ సాధించడం ఏం పెద్దరికమని ఆమె బాధ.

ఇంతలో గార్డు ఫోన్ చేశాడు. సోమవారం నుంచి వారం రోజులు సెలవట. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడట.

కోడలికి ఆ రాత్రి నిద్ర లేదు. మొగుడు గల్లాపెట్టె దగ్గర, వంకాయన మొదటి బల్ల దగ్గర. ఇంకేముంది, మొదటి చెంచాకే ఎర్రజెండా. మర్నాడు ఆయన తిని వెళ్తూంటే వెనకే మెట్టు దాకా వెళ్లి, చేతులు నలుపుకుంటూ సంగతంతా చెప్పింది. ఒక్క వారం రావద్దని అడిగింది.

ఆయన ముఖం పాలిపోయింది. వారమా అన్నాడు. అంత పని చెయ్యకమ్మాయ్ అన్నాడు. "పోనీ, వచ్చి మొదటి చెంచా తిని వెళ్లిపోతాను."

"తిని ఏమీ అనకుండా ఉండగలరా బాబాయిగారూ?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. ఆలోచిస్తూనే మెట్టు అంచు ఊడిందేమో అని బూటుతో తన్ని చూశాడు.

"ఉండలేను" అన్నాడు.

"అయితే రాకండి."

ఆయన నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "పోనీ నువ్వైనా మొదటి చెంచా తిను." తను వేళకి తినదని, అడుగూ బొడుగూ తింటుందని ఇదొక కొత్త వంక కాబోలు అనుకుని కోడలు తలూపేసింది.

సోమవారం గార్డు ఇస్త్రీ చొక్కా వేసుకుని గల్లాపెట్టె వెనక కూర్చున్నాడు. మొదటి బల్ల ఖాళీ. అత్తయ్య కిటికీలోంచి రెండు మూడుసార్లు తొంగి చూసి, ఆయన రాలేదేమని అడిగింది. ఏదో పని పడి ఉంటుందని కోడలు అటు తిరిగి అంది.

మధ్యాహ్నానికి హోటల్ నిండింది. బ్యాంకు గుమస్తా సూపు మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు కదల్లేదు. మింగలేక కక్కలేక అనే మాటని పుస్తకంలో చదవడమే గానీ, ఒక ముఖం మీద అంత స్పష్టంగా కోడలు ఎప్పుడూ చూడలేదు. చివరికి మింగి, గ్లాసుడు నీళ్లు ఒక్క గుక్కలో తాగాడు.

"ఎలా ఉందండీ?"

"అత్తయ్య చేతి వంటకేం, బ్రహ్మాండం" అన్నాడు. "ఇంకొంచెం నీళ్లు."

పూల దుకాణం ఆమె రొట్టెని సూపు అంచుకి తాకించి, తాకించిందో లేదో తెలియకుండా తినేస్తోంది. పక్క బల్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నీళ్ల జగ్గు కోసం చెయ్యి చాపారు. ఆ పక్క బల్లవాళ్లూ చాపారు. కోడలు జగ్గు నింపుతోంది, అది ఖాళీ అవుతోంది. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ హోటల్లో అత్తయ్య వంటని అనే ధైర్యం ఉన్నవాడు ఒక్కడే. ఆ ఒక్కణ్ణి తనే రావద్దంది.

నువ్వైనా మొదటి చెంచా తిను.

ఆ మాట గుర్తొచ్చేసరికి కోడలు జగ్గు బల్ల మీద పెట్టేసింది. గబగబా వంటింట్లోకి వెళ్లి సూపు రుచి చూసింది. సముద్రాన్ని కాచి బఠాణీలు వేసినట్టుంది. అదే సమయానికి అత్తయ్య గరిటెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, నిశ్చింతగా తలాడించింది. ఆ ముఖంలో ఒక్క ముడత కదల్లేదు.

కోడలు అలా చూస్తూ నిలబడిపోయింది. అత్తయ్య ఆ చూపు చూసి గరిటె దించింది.

"ఎక్కువా, తక్కువా? అదొక్కటీ చెప్పు."

"ఎన్నాళ్లనుంచి అత్తయ్యా?"

"జ్వరం దగ్గర్నుంచి. వాసన లేదు, రుచి లేదు. ఏం తిన్నా దూది నమిలినట్టే."

ముక్కుకి వాసన పోయింది గానీ ముక్కు మీద కోపం పోలేదు కనక ఎవరికీ అనుమానం రాలేదు. నాకెందుకు చెప్పలేదని కోడలు అడిగింది. చెబితే నువ్వు నీ మొగుడికి చెబుతావు, వాడు నన్ను కుర్చీలో కూర్చోబెడతాడు అంది అత్తయ్య. "కుర్చీలో కూర్చుంటే నేనేమవుతాను? ఇంకో కుర్చీనవుతాను."

"మరి ఇన్నాళ్లూ ఎలా..."

"వంకాయన లేడూ? ఆయన పాటికి ఆయన వంక పెడతాడు, నా పాటికి నేను సర్దుకుంటాను. ఆయనకేం తెలీదు పాపం. ఇవాళ ఏ మాయరోగమొచ్చిందో, మనిషి రాలేదు."

బయట గార్డు గొంతు వినిపించింది. అమ్మా, ఆకలేస్తోంది, నాకూ ఒక కప్పు పంపించు అంటున్నాడు. అత్తయ్య చెయ్యి గరిటె మీద బిగిసింది. కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా పంపించండి, బాగా కాచి పంపించండి అని చెప్పి, దొడ్డి తలుపులోంచి వీధిలోకి పరుగెత్తింది.

ఆయన ఇంటికి వెళ్లక్కర్లేకపోయింది. హోటల్‌కి ఎదురుగా బస్ స్టాపు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు వంకాయన. బస్సులొస్తున్నాయి, పోతున్నాయి. ఆయన కళ్లు గాజు తలుపు మీదే ఉన్నాయి.

"జగ్గు మీద జగ్గు నింపుతున్నావు" అన్నాడు. "ఉప్పెక్కువా?"

"మీకు తెలుసా?"

"మొదటి రోజే నా కప్పులోంచి తాగింది కదమ్మా. అంత ఉప్పు తాగి కన్ను కూడా ఆర్పలేదు."

"నాతో ఒక్క మాట అనకూడదా బాబాయిగారూ?"

"అంటే నువ్వు జాలిపడతావు. జాలి ముఖంలో దాగదు, ఆవిడ కనిపెట్టేస్తుంది." ఆయన బెంచీని చేత్తో అదిమి లేచాడు. బెంచీ ఊగింది. ఈసారి పట్టించుకోలేదు. "లిఫ్టు తీగలో ఒక పోగు తెగిందనుకో, లిఫ్టు ఆపెయ్యక్కర్లేదమ్మాయ్. రోజూ చూసేవాడొకడుంటే చాలు. ఆవిడకి మాత్రం చెప్పకు. ఆవిడకేం తెలీదు పాపం, నా మీద కోపంతో నిలబడి ఉంది."

వాళ్లు గాజు తలుపు తోసుకుని వచ్చేసరికి గార్డు ముందు పొగలు కక్కుతున్న కప్పు ఉంది. చెంచాలోకి తీసుకుని ఊదుకుంటున్నాడు. వంకాయన తిన్నగా వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు, అదమకుండానే. ఈ కప్పు అంచు పగిలింది బాబూ, మూతి కోసుకుంటావు అని చెప్పి కప్పూ చెంచా రెండూ తన వైపు లాక్కుని, ఒక చెంచా తాగాడు. కళ్లు మూసుకున్నాడు. కిటికీలో అత్తయ్య ముఖం కనిపించింది.

వంకాయన లేచి నిలబడ్డాడు.

"ఈ సూపులో ఇద్దరి ఉప్పుంది" అన్నాడు. "అత్త వేసింది. వేసినావిడ చెప్పదు, కోడలు అడగదు. అడక్కుండా తనూ వేసింది. మాట్లాడుకోని ఇంట్లో సూపు ఇలాగే ఏడుస్తుంది."

బ్యాంకు గుమస్తా పెద్దగా నవ్వేశాడు. నవ్వు కన్నా ముందు నిట్టూర్పు వచ్చింది. పూల దుకాణం ఆమె, మా అత్తగారూ నేనూ ఒకసారి ఇలాగే చేశామంది. ఎవరో ఒకరు అన్నారు కదా, ఇక అందరూ అన్నారు. గార్డు పెళ్లాం వైపు తిరిగాడు.

"నువ్వు వేశావా?"

జీవితంలో ఏనాడూ ఆ గిన్నెలో ఉప్పు వెయ్యని కోడలు, తల వంచుకుంది. "అత్తయ్య వేశారని తెలీక నేనూ వేశానండీ. నాదే తప్పు."

నాలుగు దుంపలు మెదిపి వేసి కాసిని పాలు పోసి మరగనిస్తే సూపు దారికొస్తుంది, కోడలే దారికి రావాలి అని వంకాయన కిటికీకి వినపడేలా చెప్పాడు. గార్డు అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. ఈ రోజు నుంచి నువ్వు వంటింట్లో వేలు పెట్టొద్దు, అమ్మ వంట అమ్మనే వండనీ అన్నాడు. కోడలు సరేనంది. కిటికీలోంచి అత్తయ్య ఆమె వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ రోజు గరిటె చప్పుడు వినపడలేదు, నచ్చకపోతే మానెయ్యమను అన్న మాటా వినపడలేదు. కాసేపటికి ఒక పుడ్డింగు మాత్రం కిటికీ గట్టు మీదికి వచ్చింది. ఎవరికని కోడలు అడిగితే, వేళకి తినవు, తిను అని లోపల్నుంచి జవాబొచ్చింది. పుడ్డింగులో చక్కెర లేదు. కోడలు అంచు దాకా గీకి తినేసింది.

మిగిలిన వారమంతా వంకాయన పడిన అవస్థ కోడలికే తెలుసు. గార్డు ఎదురుగా వంటని అనకూడదు. అందుకని రోజూ మొదటి చెంచా తిని, ఉప్పు తక్కువైతే కుడి కనుబొమ, ఎక్కువైతే ఎడమ కనుబొమ ఎగరేసేవాడు. మిరియాలకి ముక్కు. కోడలు ఆ సిగ్నల్ అందుకుని, నీళ్ల జగ్గు వంకన కిటికీ దగ్గరికి వెళ్లేది. లోపల ఆపుకున్న వంకలన్నీ ఎటో ఒకవైపు పోవాలి కదా, గార్డు మీదికి పోయాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే పద్ధతి అది కాదన్నాడు. రైలు విజిల్ ఒకసారి ఊదించుకుని, శ్రుతి లేదన్నాడు. పెద్దాయనకి ముఖానికేమైనా జబ్బా, అలా కనుబొమలు అదురుతున్నాయని గార్డు పెళ్లాన్ని జాలిగా అడిగాడు. చివరి రోజున తల్లి కాళ్ల దగ్గర పెట్టె దించి, నీ వంటకేం ఢోకా లేదమ్మా, దీన్ని కాస్త కనిపెట్టి ఉండు అని కోడలిని చూపించి రైలెక్కాడు.

చలి వెళ్లిపోయింది. ఒక పొద్దున కోడలు బోర్డు మీద వేడి వేడి అని జాగ్రత్తగా ఏత్వం దిద్దుతూంటే వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. వెన్న మాడుతోంది, ఎటు పోయావే అంటోంది. కోడలు అలవాటుకొద్దీ వస్తున్నా అని లోపలికొచ్చి, కిటికీ దగ్గర ఆగిపోయింది. పొయ్యి వంటింటికి ఆ చివరుంది. అత్తయ్య ఈ చివర దుంపలు తరుగుతూ, పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెన్న సంగతి మరిచిపోయారు. అది మాడింది. అత్తయ్య ఆ మాడు వాసనని గుండెల నిండా పీల్చుకుంది.

రుచి కూడా మెల్లమెల్లగా తిరిగొచ్చింది. వంకాయనగారికి చెప్పేద్దామా అని కోడలు అడిగింది. అత్తయ్య సూపులో ఉప్పు వేసి, కలిపి, అరచేతిలో చుక్క వేసుకుని చూసి, సరిపోయిందని తలాడించింది. అప్పుడంది. "పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని పనిలోకి వచ్చినట్టు వస్తున్నాడు మనిషి. ఏం లోపం లేదంటే రేపట్నుంచి ఎందుకొస్తాడు?"

ఆ తరవాత ప్రతి పొద్దున్నా అత్తయ్య చివరి చిటికెడు ఉప్పు వెయ్యకముందే ఒక కప్పు సూపు తీసి పక్కన పెట్టేది. ఆ కప్పు మొదటి బల్లకి వెళ్లేది. ఉప్పు తక్కువ అని ఆయన అరిచేవాడు. నచ్చకపోతే మానెయ్యమను అని ఆవిడ అరిచేది. రెండో కప్పు వెళ్లేది. ఇందాకటికన్నా నయం.

ఇలా కొన్నాళ్లు జరిగాక ఒకరోజు వంకాయన మొదటి చెంచా తాగి, అరవలేదు. వేలితో కోడలిని దగ్గరికి పిలిచాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏది బాబాయిగారూ?"

"చలికాలమంతా ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. అసలైన తప్పుకి లెక్కుండదు. ఈమధ్య రోజూ తక్కువే, రోజూ అదే చిటికెడు." ఆయన కిటికీ వైపు చూశాడు. అక్కడ అత్తయ్య వీపు కనిపిస్తోంది, వీపుకి కూడా చెవులున్నట్టుంది. "తప్పు చెయ్యడం కూడా చేతకాలేదు మీ అత్తయ్యకి."

కోడలు నవ్వాపుకోలేక, మరేం చేద్దామంటారని అడిగింది. చేసేదేముంది అన్నాడాయన. కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, కిటికీ వైపు తిరిగాడు.

"ఉప్పు తక్కువ!"

గరిటె గిన్నెకేసి మోగింది.

రెండో కప్పు వచ్చింది. ఆయన మొదటి చెంచా తిన్నాడు, రెండోది తిన్నాడు. ఇందాకటికన్నా నయం అనడం మరిచిపోయాడు. చెంచా చప్పుడు తప్ప ఆ బల్ల దగ్గర ఇంకో చప్పుడు లేదు. అంతా అయ్యాక ఖాళీ కప్పుని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"అంచు దగ్గర సన్నగా పగిలింది" అన్నాడు కోడలితో. "చూసుకో."